పరేల్‌కు ఏడాదికోసారి

ముంబైలోని పరేల్ ఒకప్పుడు బట్టల మిల్లుల పేట. 1982 నాటి సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటి స్థలాల్లో ఆకాశహర్మ్యాలు లేచాయి. మారనిదల్లా టాటా మెమోరియల్ ఆస్పత్రి చుట్టూ ఉండే జనమే. 1941లో మొదలైన ఈ క్యాన్సర్ ఆస్పత్రికి దేశం నలుమూలల నుంచి రోగులు వస్తారు. గది అద్దెకు తీసుకునే స్తోమత లేనివారికి పక్కనున్న జెర్బాయి వాడియా రోడ్డు ఫుట్‌పాతే ఇల్లు. అక్కడే వంట, అక్కడే నిద్ర. జుట్టు రాలిన పసివాళ్లు మాస్కులతో తల్లుల ఒళ్లో కనిపిస్తారు.

అదే వీధిలోకి మరో రకం మనుషులు కూడా వస్తారు. వాళ్లను ఎవరూ గుర్తించరు. కాలేజీ కుర్రాళ్లు, ఉద్యోగినులు, బిడ్డల తల్లులు. చేతిలో అంచులు నలిగిన పాత ఫైలు ఒక్కటే ఆనవాలు. పసితనంలో ఇక్కడే క్యాన్సర్‌ను జయించినవారు వీరు. వారి కోసమే ఈ ఆస్పత్రిలో 1991లో 'ఆఫ్టర్ కంప్లీషన్ ఆఫ్ థెరపీ' క్లినిక్ మొదలైంది.

జబ్బు నయమయ్యాక ఆస్పత్రితో పనేమిటి? పిల్లలను బతికించిన మందులే కొందరిలో ఏళ్ల తర్వాత కొత్త చిక్కులు తెస్తాయి. డాక్సోరుబిసిన్ వంటి మందు గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. తలకు ఇచ్చిన రేడియేషన్ వల్ల ఎదుగుదల, చదువు కుంటుపడవచ్చు. కొన్ని మందులు సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి. అరుదుగా మరో క్యాన్సర్ రావచ్చు. అందరికీ ఇలా జరగదు. అయితే ఎవరికి ఏ ముప్పు ఉందో చెప్పగలిగేది ఆ పాత ఫైలే.

ఇళ్లలో మాత్రం ఆ ఫైలు బీరువా అడుగుకు చేరుతుంది. తమకొచ్చిన జబ్బు పేరేమిటో తెలియకుండానే పెరిగేవారున్నారు. తల్లిదండ్రుల మౌనం వెనుక ఉన్నది ప్రేమే, భయమే. ఆడపిల్లకు సంబంధాలు చూసే వేళ ఆ మౌనం మరింత బిగుసుకుంటుంది. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో అధిక శాతం వంశపారంపర్యం కూడా కాదు. అయినా పెళ్లివారి అనుమానం తీరదు. తీరా ప్రసవ సమయంలో, గుండెపై భారం పెరిగినప్పుడు, డాక్టర్‌కు అసలు సంగతి తెలియదు.

ఈ మౌనాన్ని ఛేదించే ప్రయత్నం కూడా ముంబైలోనే మొదలైంది. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అండతో 2009లో ఏర్పడిన 'ఉగమ్' బృందంలోని వారంతా చిన్నప్పుడు క్యాన్సర్‌ను ఎదుర్కొన్నవారే. వార్డులో కుమిలిపోతున్న తల్లికి డాక్టర్ మాట కన్నా, అదే జబ్బును దాటి ఎదిగి ఎదుట నిలిచిన మనిషే పెద్ద ధైర్యం.

పిల్లల క్యాన్సర్ బాధితుల్లో 2030 నాటికి కనీసం 60 శాతం మంది బతకాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పెట్టుకున్న లక్ష్యం. సంపన్న దేశాల్లో 80 శాతం పైగా ఇప్పటికే బతుకుతున్నారు. భారత్‌లోనూ బతికేవారు పెరిగే కొద్దీ పరేల్ వంటి ఒకటి రెండు చోట్లు సరిపోవు. ఏటా రైలెక్కి అంతదూరం రావడం కూలీనాలీ చేసుకునే కుటుంబాలకు తలకు మించిన భారం. ఏ మందు ఎంత మోతాదులో వాడారు, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి? ఇవి రాసి ఉన్న ఒక్క కాగితం, దాన్ని చదివి అర్థం చేసుకునే డాక్టర్ సొంత జిల్లాలోనే ఉంటే చాలు. అంతకుముందు, ఆ కాగితాన్ని దాచాల్సిన అవసరం లేని ఇల్లు కావాలి.