అశ్వహృదయం

నలదమయంతుల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. కలి ప్రభావం వల్ల రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. ఒక్క పగటిలో విదర్భకు చేరాలని రాజు అంటే బాహుకుడు లాయంలోకి వెళ్లి బక్కపలచని గుర్రాలను ఎంచుకుని తెస్తాడు. ఇవి మనల్ని మోస్తాయా అని రాజు సందేహపడతాడు. ఆ గుర్రాలే గాలిలా పోతాయి. జారిపోయిన ఉత్తరీయాన్ని తీసుకుందామని రాజు అనేలోపే రథం యోజనం దూరం దాటిపోతుంది. నలుడికి తెలిసిన ఆ విద్యకు అశ్వహృదయమని పేరు. 54వ ఏట, గుర్రం మీద 40 కిలోమీటర్లు ప్రయాణం చేశాక, ఆ మాటకు నాకు ఒక అర్థం దొరికింది. దాన్ని మీతో పంచుకోవాలని ఈ నాలుగు ముక్కలు.

మాది బళ్లారి. 1953లో మా ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. బడిలో కన్నడం, బజారులో రెండు భాషలూ, ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే. మా నాయన జట్కా తోలేవారు. రైల్వే స్టేషను నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి స్టేషనుకు. మా చదువులు, పండుగ బట్టలు, జేజి మందులు, అన్నీ ఆ గుర్రం కాళ్ల మీదే నడిచాయి. ఉలవలు ఉడికితే మొదటి పిడికెడు దానికే. మిట్ట వచ్చిందంటే నాయన బండి దిగి, పగ్గం పట్టుకుని గుర్రం పక్కనే నడిచేవారు. "కాస్త దిగి నడవండి సామీ" అని బండిలో వాళ్లను కూడా అడిగేవారు. కొందరు దిగేవారు, కొందరు విసుక్కుని మరునాడు వేరే బండి ఎక్కేవారు. రాత్రి మేత వేశాక గుర్రం ముంగాలి వెనుక చెవి ఆనించి నాయన చాలాసేపు వినేవారు. ఏం వింటున్నావని అడిగితే, "దాని కష్టం" అనేవారు.

ఆటోలు వచ్చాయి. బేరాలు తగ్గాయి, దాణా ధర పెరిగింది. 1983లో గుర్రాన్ని అమ్మేశారు. ఆ తరువాత ఆయన మరే గుర్రం మీదా చెయ్యి వేయలేదు. పెళ్లి ఊరేగింపులో గుర్రం ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవారు. ఇంట్లో మేమూ ఆ ఊసు ఎత్తేవాళ్లం కాదు.

పెళ్లయి నేను బెంగళూరు వచ్చాను. నాలుగేళ్ల కిందట మా చెల్లెలి కూతురు గుర్రపు స్వారీ నేర్చుకుంటానంటే తోడు వెళ్లాను. పిల్ల నెల తిరిగేసరికి మానేసింది. నేను మానలేదు! లాయంలో ఆ గడ్డి వాసన, తడి జీను వాసన నన్ను కదలనివ్వలేదు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని, ఈ వయసులో మనకీ ఖర్చేమిటి?" అని మా వారు నవ్వారు. అయినా ప్రతి ఆదివారం తెల్లవారుజామున స్కూటరు మీద దింపింది ఆయనే.

దూరప్రయాణపు పోటీని ఇంగ్లీషులో ఎండ్యూరెన్స్ రైడ్ అంటారు. ఈ ఆట ఇప్పుడున్న రూపంలో 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైంది. వెండెల్ రాబీ అనే ఆయన, మరికొందరు, ఒక్క రోజులో గుర్రాల మీద 100 మైళ్ల కొండదారి దాటి చూపించారు. ఇప్పుడు మన దేశంలో కూడా పోటీలు జరుగుతున్నాయి. కొత్తవాళ్లు తక్కువ దూరంతో మొదలుపెడతారు. ఈ ఆటలో గొప్పదనం ఏమిటంటే, గీత దాటగానే పోటీ అయిపోదు. దారి మధ్యలోనూ చివరలోనూ పశువైద్యులు గుర్రాన్ని పరీక్ష చేస్తారు. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పరుగు తరువాత, ఇచ్చిన గడువులోగా అది 64కు దిగాలి. చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. కడుపులో పేగుల కదలిక వినిపించాలి. చివరికి తిన్నని దారిలో పరుగెత్తించి, ఏ కాలైనా కుంటుతోందా అని చూస్తారు. ఒక్కటి తప్పినా, ముందు వచ్చినవారైనా సరే, లెక్కలోకి రారు.

2025 జనవరిలో ఒక ఆదివారం, బెంగళూరుకు ఉత్తరాన, నంది కొండ దూరంగా కనిపించే మెట్ట పొలాల్లో మా రైడు. 20 కిలోమీటర్ల చుట్టు రెండుసార్లు తిరగాలి. నాకు ఇచ్చింది చిత్ర అనే మార్వారి ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. చూడటానికి బక్కపలచనిదే. బాహుకుడు ఎంచిన జాతి అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

మొదటి చుట్టు మంచులోనే గడిచింది. రాగి కోతలైన పొలాలు, ద్రాక్ష తోటలు, చెరువు కట్ట, నీలగిరి తోపు. ఎనిమిది నెలల అభ్యాసం పుణ్యమా అని నడుం నిలిచింది. మజిలీకి చేరగానే జీను విప్పి, నీళ్లు పోసి, ఆ నీటిని వెంటనే గీసి తీసేస్తూ పోయాం. అలా మళ్లీ మళ్లీ చల్లని నీళ్లు పోశాం. మొదట 72 ఉన్న గుండె 11 నిమిషాల్లో 60కి దిగింది. 40 నిమిషాల విశ్రాంతి. చిత్ర గడ్డి మేసింది, నేను పులిహోర తిన్నాను.

రెండో చుట్టులో ఎండ ఎక్కింది. వేడిలో గుర్రానికి గంటకు పది లీటర్లకు పైగా చెమట పోగలదు. మన చెమటలా కాక అందులో ఉప్పు దాని రక్తంలో కంటే ఎక్కువ. అందుకే నీళ్లతోపాటు లవణాలు కూడా పట్టించాలి. ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా రాళ్ల మిట్ట వచ్చింది. చిత్ర మెడ వంచింది, అడుగు బరువైంది. వెనుక నుంచి ఇద్దరు కుర్రాళ్లు దాటిపోయారు. గడువు చూస్తే 70 నిమిషాలు మిగిలింది. మడమతో ఒకసారి నొక్కితే అది పరుగెత్తేదే. మంచి గుర్రాలు అడిగితే కాదనవు, ప్రాణం మీదికి వచ్చినా కాదనవు. అదే వాటితో వచ్చే భయం.

దిగాను. పగ్గం పట్టుకుని పక్కన నడిచాను. మిట్ట పొడవునా దాదాపు రెండు కిలోమీటర్లు. మోకాళ్లు మొరాయించాయి, బూటులో కాలు బొబ్బలెక్కింది. పైకి చేరాక దాని ముంగాలి వెనుక చెయ్యి పెట్టి చూశాను. నెమ్మదిగా, సమంగా కొట్టుకుంటోంది. మళ్లీ ఎక్కి, మిగిలిన దారి నడకా పరుగూ కలిపి, గడువుకు ఆరు నిమిషాల ముందు గీత దాటాం.

అసలు భయం అప్పుడే మొదలైంది. నన్ను దాటిపోయిన కుర్రాళ్లలో ఒకరి గుర్రం కుడి ముంగాలు కుంటుతోందని వైద్యుడు ఆపేశాడు. ఆ అబ్బాయి తల వంచుకుని గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. మా వంతు వచ్చింది. గుండె 58. చిగురు బాగుంది. ఇక పరుగు. పగ్గం పట్టుకుని నేనూ దాని పక్కన పరుగెత్తాను. నాలుగు గిట్టలూ ఒకే తాళంలో పడ్డాయి. వైద్యుడు కాగితం మీద సంతకం చేసి తల ఊపాడు. వెనుక నుంచి లెక్కపెడితే మాది రెండో స్థానం. మా వారు మాత్రం ప్రపంచకప్పు గెలిచినట్టు అందరికీ బిస్కట్లు పంచారు.

సాయంత్రం బళ్లారికి ఫోను చేశాను. నాయనకు ఇప్పుడు 86. నేను స్వారీ నేర్చుకుంటున్న సంగతి అమ్మ చెప్పినా, ఆయన నన్ను ఒక్క మాటా అడిగి ఉండలేదు. ఆ రోజు అంతా చెప్పాను, మిట్ట దగ్గర దిగి నడిచానని కూడా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరువాత, "గుర్రం నీళ్లు తాగెనా పాపా?" అన్నారు. తాగిందన్నాను. లాడాలు చూసినావా, వీపు మీద జీను ఒరుపు లేదు కదా, రాత్రికి ఉలవలు ఎక్కువ పెట్టొద్దని చెప్పు, అంటూ అరగంట మాట్లాడారు. 1983 తరువాత ఆయన నోట గుర్రం మాట నేను వినడం అదే మొదలు. ఉగాదికి వచ్చినప్పుడు లాయానికి తీసుకువెళ్లాను. చిత్ర ముంగాలి వెనుక ఆయన చెవి ఆనించారు. నేను పగ్గం పట్టుకుని నిలబడ్డాను.

మన పిల్లలకు ఈ విద్య నేర్పించాలనుకునేవారికి ఒక్క మాట. స్వారీతోపాటు మాలీషు చేయడం, గిట్టలు శుభ్రం చేయడం, నాడి చూడటం కూడా నేర్పే చోటికే పంపండి. తలకు హెల్మెట్ లేనిదే ఎక్కనివ్వకండి. దిగి నడవడం కూడా స్వారీలో భాగమని మొదటి రోజే చెప్పండి.