పది దాటాక

నా నవలల్లో ప్రేమలో పడిన ఏ అమ్మాయికీ శుక్రవారంలోగా సీరియల్ భాగం పంపే పని ఉండదు. నాకుంది! ఉద్యోగం మానేసి రాతనే నమ్ముకున్న ఏడాదే, నలభై నాలుగో ఏట, ఆయన పరిచయమయ్యారు.

ఇంట్లో కూర్చుని రాస్తే అది పనని ఎవరనుకుంటారు చెప్పండి? ‘ఖాళీయే కదా!’ అంటారు. కానీ రాయని రోజుకి జీతం లేదు. అచ్చయిన ఏ రెండు నెలలకో వచ్చే పారితోషికంతోనే ఇంటద్దె కట్టాలి. రాయాలంటే స్త్రీకి సొంత గదీ, ఏడాదికి 500 పౌన్ల రాబడీ ఉండాలని ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ 1929లోనే చెప్పింది. ఆ గది తలుపు తట్టేది మనసుకి నచ్చినవాడే అయితే ఏం చెయ్యాలో మాత్రం మనమే తేల్చుకోవాలి.

తేల్చుకున్నాను. “పొద్దున్న ఆరు నుంచి పది దాకా నేనెవరికీ దొరకను. మీక్కూడా!” అనేశాను. అన్నాక గుండె దడదడలాడింది. పోతే పోనీ అనుకునే వయసా ఇది? మళ్ళీ దొరుకుతుందన్న ధీమా ఎక్కడిది?

ఆయన అలగలేదు. “పది దాటాక కాఫీకి రావచ్చా?” అన్నారు.

నాలుగు పేజీలు రాసి లేచాక, ఎదురుగా ఇష్టమైన మనిషితో తాగే కాఫీ రుచి ఉంది చూశారూ... దాన్ని ఏ నవల్లోనూ రాయలేకపోయాను సుమండీ!