జలపాతం ఫొటో

బెంగళూరులోని ఒక తెలుగు అయ్యవారికి ఫొటోలు తీయడమంటే ప్రీతి. జీతం చిన్నది, ఒక రీలుకు వచ్చేవి 36 ఫొటోలే. అందుచేత మీట నొక్కే ముందు ఆయన చాలాసేపు ఆలోచించేవారు. అసలు ఆలోచించవలసినది ఇల్లు కదలక ముందేనని 1987 వేసవిలో ఆయనకు తెలిసివచ్చింది.

హిందూపురం దగ్గరి పల్లెలో ఉండే ఆయన తల్లి ఒక క్యాలెండరులో జోగ్ జలపాతం బొమ్మ చూసింది. "అంత నీళ్లు నిజంగా పడతాయా నాయనా? నువ్వు పోయి ఫొటో తీసుకొస్తే నమ్ముతా" అన్నది. మోకాళ్ల నొప్పులతో ఆమె అంత దూరం పోలేదు. బడికి పెద్ద సెలవులు వేసవిలోనే గదా! మే నెలలో సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆయన జోగ్ చేరారు. 253 మీటర్ల కొండ అంచు నుంచి సన్నని ధారలు దారాల వలె వేలాడుతున్నాయి. ఎగువన శరావతి నదిపై 1964లో పూర్తయిన లింగనమక్కి ఆనకట్ట, కరెంటు కోసం నీటిని నిలుపుకొంటుంది.

ఆ ఫొటో చూసి తల్లి, "బండలు మనూర్లో లేవా నాయనా?" అన్నది.

మరుసటి ఏడు జులైలో రెండు రోజులు సెలవు పెట్టి మళ్లీ వెళ్లారు. ఈసారి జలపాతం హోరు చెవులు పగిలేలా వినిపించింది గాని, మబ్బూ వానా కమ్మి ఏమీ కనిపించలేదు. కెమెరా సంచిలోనే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఆయన కెమెరా కంటే ముందు క్యాలెండరు చేతపట్టారు. ఊళ్లోనే అభ్యాసం మొదలుపెట్టారు. బెంగళూరులో ఏ కాలంలోనైనా ఏదో ఒక చెట్టు పూసి ఉండాలని ఆలోచించి మొక్కలు నాటించినవాడు, లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన జర్మనీ దేశస్థుడు క్రుంబిగల్. ఆ పూలే అయ్యవారికి నెలలు చెప్పాయి. ఫిబ్రవరి, మార్చిలలో ఊదారంగు జకరండా, ఏప్రిల్, మే నెలలలో ఎర్రని తురాయి. నంది కొండకు మాత్రం చలికాలంలోనే, అదీ తెల్లవారేసరికి చేరాలి. రాత్రి చల్లబడిన లోయలలో మంచు పాలసముద్రంలా నిలుస్తుంది; ఎండ ఎక్కితే కరిగిపోతుంది. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీలతో వ్రాసుకొన్నారు.

ఇక జోగ్. కన్నడ పత్రికలలో జలాశయాల నీటిమట్టాలు వేస్తారు. లింగనమక్కి పూర్తిమట్టం 1819 అడుగులు. ఆయన రోజూ ఆ అంకెను చూసి వ్రాసుకొనేవారు. (పిల్లల మార్కులను కూడా అంత శ్రద్ధగా చూడరని ఇంట్లోవాళ్లు నవ్వేవారు.) దసరా సెలవులు దగ్గరపడేసరికి వానలు తగ్గుముఖం పట్టాయి, నీరు ఇంకా ఉంది. ఆయన బయలుదేరారు. రెండు రోజులు కాచుకోగా, మూడవ ఉదయం మబ్బు విడిపోయి నాలుగు పాయలూ వెలుగులో నిలిచాయి.

తల్లి ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"ఈ నీళ్లన్నీ యాడికి పోతాయి నాయనా?"

"పడమటి సముద్రానికమ్మా. హొన్నావరం దగ్గర కలుస్తాయి."

"అయితే మన పక్కకు రావు."

నంది కొండలలో పుట్టిన పెన్న ఆ ఊరి మీదుగానే పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే. ఆమె ఇంకేమీ అనలేదు. మంచినీళ్ల బిందె పైన గోడకు మేకు కొట్టించి, ఫొటో అక్కడ తగిలించమన్నది.