గోరింక పలుకు, పాదాల జవాబు

న్యూఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర, హైదరాబాద్ హౌస్, ఆంధ్రా భవన్‌ల ముంగిట మొదలయ్యే అశోకా రోడ్ బంగ్లా సాహిబ్ గురుద్వారాకు చేరువలోని గోల్ డాక్‌ఖానా వరకు సాగుతుంది. వానాకాలం ఆరంభంలో ఇక్కడి నేరేడు చెట్ల కింద కాలిబాట ఊదారంగు పులుముకొంటుంది. కొమ్మల్లో గోరింకల సందడి తెలుగువారికి పెరటి చెట్టును తలపిస్తుంది.

ఈ నగరపు గోరింక ఒకటి జాజ్ సంగీత చరిత్రకెక్కింది. 1963 సెప్టెంబరులో సుప్రసిద్ధ నల్లజాతి స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్, అమెరికా ప్రభుత్వం పంపగా, తన వాద్యబృందంతో ఢిల్లీకి వచ్చారు. ఆయన సహచర స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ ఇక్కడ ఒక గోరింక పలుకు విని ముగ్ధుడయ్యారు. ఆ పలుకే 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ' అయింది. 1966 డిసెంబరులో రికార్డు చేసిన 'ఫార్ ఈస్ట్ స్వీట్'లో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్‌పై గోరింకగా పలుకుతారు.

ఢిల్లీ రాకకు కొద్ది వారాల ముందే, ఆగస్టులో, చికాగోలో ఎలింగ్టన్ 'మై పీపుల్' అనే సంగీత రూపకాన్ని ప్రదర్శించారు. బానిసల విముక్తి ప్రకటనకు నూరేళ్లు నిండిన సందర్భమది. నృత్యాన్ని కూర్చినవారు టాలీ బీటీ, ఆల్విన్ ఐలీ. 1958లో న్యూయార్క్‌లో ఐలీ స్థాపించిన నృత్యబృందం నల్లజాతి జీవితాన్ని ఆధునిక రంగస్థలంపై నిలిపింది. ఎలింగ్టన్ విదేశాలలో ఉండగానే, సెప్టెంబరు 15న, బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు బలయ్యారు. స్వదేశంలో సమాన హక్కులకు నోచుకోని ప్రజల కళ, పరదేశాలలో ఆ దేశ ప్రతిష్ఠను మోసింది!

1970లో అమెరికన్ బ్యాలే థియేటర్ కోసం 'ది రివర్' రూపొందినప్పుడు ఎలింగ్టన్ కొత్త సంగీతం రాశారు. విడతలుగా అందిన ఆ స్వరాలకు ఐలీ అడుగులు అల్లారు. 1974 మే నెలలో ఎలింగ్టన్ కన్నుమూశారు. అయినా ఆయన సంగీతంపై ఐలీ కూర్చిన 'నైట్ క్రీచర్' ఆ బృందపు ప్రఖ్యాత కృతులలో ఒకటిగా నిలిచింది.

ఈ బంధం తెలుగువారికి కొత్తది కాదు. అశోకా రోడ్‌లో విండ్సర్ ప్లేస్ వద్ద ఫిరోజ్‌షా రోడ్‌కు మళ్లితే మండీ హౌస్ వస్తుంది. అక్కడి కమానీ ప్రేక్షాగారం 1971 నుంచి శాస్త్రీయ నృత్యాలకు ప్రసిద్ధ వేదిక. కూచిపూడిలో నట్టువనారు జతి పలికితే మృదంగం అందుకొంటుంది, పాదం జవాబిస్తుంది. నర్తకి ఒక భావం వద్ద నిలిస్తే గాయకుడు ఆ పల్లవినే మరికొంత సాగనిస్తాడు. జాజ్ వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లే స్వరానికీ, మన మనోధర్మానికీ చుట్టరికం ఉంది.

వాద్యబృందానికి పారితోషికం, ప్రయాణం, బస సమకూర్చటం కష్టమైనప్పుడు నృత్య సంస్థలు ఇక్కడైనా, అమెరికాలోనైనా రికార్డు చేసిన సంగీతంతో సరిపెట్టుకొంటాయి. ఖర్చు తగ్గుతుంది, తాళం తప్పదు. కాని యంత్రం నర్తకి ఊపిరి కోసం ఒక్క క్షణమైనా ఆగదు. ఇద్దరి మధ్య సాగవలసిన సంభాషణలో అప్పుడు ఒకరే మాట్లాడతారు. మరొకరు వింటూ నడుస్తారు.