ఒక సీసా, ఇన్ని సరిహద్దులు

మనిషి అభిరుచి అతని సొంతమని మనం నమ్ముతాం. ఏ పాట వినాలో, ఏ కూర తినాలో, ఏ పానీయం తాగాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారని అనుకుంటాం. ఈ దేశంలో బీరు తాగే మనిషి విషయంలో ఆ నమ్మకం నిలవదు. అతని నాలుకకు అలవాటైన రుచి వెనుక ఒక పన్ను విధానం, ఒక లైసెన్సు, ఒక ఎన్నికల వాగ్దానం, ఒక ప్రజా ఉద్యమం వరుసగా నిలబడి ఉంటాయి. ఆబ్కారీ శాఖలో మూడు దశాబ్దాలు పనిచేసి, పదవీ విరమణ అనంతరం హైదరాబాదులో స్థిరపడిన ఒక పెద్దమనిషి జీవితమే ఇందుకు నిదర్శనం.

ఆయన నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు పల్లెలో పుట్టారు. తండ్రి వ్యవసాయ కూలీ. సారాయికి బానిస. ఆ ఇంట్లో మద్యం ఏ రూపంలో ఉన్నా దాని పేరు దుఃఖమే. అటువంటి ఇంటి నుంచి వచ్చిన యువకుడు 1980లలో ఉద్యోగ పరీక్ష రాయడానికి హైదరాబాదు వెళ్లినప్పుడు, ఆబిడ్స్‌లోని ఒక బారులో స్నేహితులు చేతికందించిన గ్లాసును భయంభయంగానే అందుకున్నారు. అది గోల్డెన్ ఈగిల్ లాగర్. మొదటి గుక్క చేదు. రెండవ గుక్కలో ఆ చేదు వెనుక కాల్చిన ధాన్యపు వాసన తెలిసింది. ఇది తన తండ్రి తాగే పదార్థం కాదని, దీనిని నింపాదిగా తాగి లేచి నడిచిపోవచ్చని ఆయనకు అనిపించింది. ఆనాటి నుంచి ఆయన అభిరుచి తేలికపాటి లాగర్‌ను దాటి పోలేదు.

ఉద్యోగం ఆబ్కారీ శాఖలోనే రావడం యాదృచ్ఛికం. కొలువులో చేరిన తరువాత తాను తాగుతున్నదాని చరిత్రను ఆయన శ్రద్ధగా చదువుకున్నారు. గోల్డెన్ ఈగిల్‌ను తయారు చేసే మోహన్ మీకిన్ సంస్థ మూలాలు హిమాలయ పాదాల చెంత, కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ నెలకొల్పిన బీరు కర్మాగారంలో ఉన్నాయి. ఆ డయ్యర్ కుమారుడే 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులకు ఆదేశించిన రెజినాల్డ్ డయ్యర్. 1949లో నరేంద్రనాథ్ మోహన్ ఆ వ్యాపారాన్ని కొనుగోలు చేయడంతో అది భారతీయుల చేతికి వచ్చింది. 1860లో స్థాపితమైన మరీ బ్రూవరీ దేశ విభజనతో పాకిస్తాన్‌కు వెళ్లింది. అక్కడ 1977లో ముస్లింలకు మద్య నిషేధం వచ్చిన తరువాత కూడా అది బీరు కాస్తూనే ఉంది. తెల్ల సైనికుల దాహం తీర్చడానికి పుట్టిన పరిశ్రమ రెండు స్వతంత్ర దేశాల ఖజానాలకు ఆదాయ వనరుగా మిగిలింది. సామ్రాజ్యం పోయింది, సుంకం ఉండిపోయింది.

ఆ సుంకం ఎంత బరువైనదో ఆయనకు 1992లో అర్థమైంది. అంతకు ముందు సారాయిని ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకూ చేర్చే ఏర్పాటును ప్రభుత్వమే నడిపింది. అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకున్న నెల్లూరు స్త్రీలు, తమ వాచకంలోని ఒక పాఠాన్ని జీవితానికి అన్వయించుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు ఊరు దాటి రాష్ట్రమంతటా మారుమోగింది. సారా పాటలు జరగనివ్వబోమని స్త్రీలు దారులకు అడ్డంగా కూర్చున్నారు. అటువంటి ఒక పాట వద్ద బందోబస్తుకు యువ సబ్ ఇన్‌స్పెక్టరుగా ఆయన హాజరయ్యారు. బైఠాయించిన వారిలో రెండవ వరుసలో ఆయన తల్లి ఉంది.

ఆమె లేవలేదు, కేకలు వేయలేదు. కొడుకు ముఖంలోకి చూసి ఒక్క మాట అడిగింది: "ఏరా, మీ నాయన తాగి చచ్చినదానికి కాపలా కాసేదానికి వచ్చుండావా?"

ఆనాడు పాట వాయిదా పడింది. ఆయన రాజీనామా చేయలేదు. ఇంటిని నిలబెట్టే జీతం అదొక్కటే. 1993లో సారాయి నిషేధం వచ్చింది. ఆ ఉత్తర్వును చదివినప్పుడు ఆయనకు సంతోషంతో పాటు సిగ్గు కూడా కలిగింది. నిషేధించినది పేదవాని సారాయిని మాత్రమే. ఉద్యోగస్తుని బీరు, అధికారి విస్కీ దుకాణాలలో యథాతథంగా ఉన్నాయి. తన అభిరుచి నాగరికమైనదని, తన తండ్రిది వ్యసనమని తాను ఏర్పరచుకున్న భేదాన్నే ప్రభుత్వం కూడా రాజపత్రంలో అచ్చువేసినట్లు తోచింది.

ఆ భేదం పూర్తిగా చెరిగిపోయిన కాలమూ వచ్చింది. 1994 డిసెంబరులో అధికారం చేపట్టిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించారు. పుదుచ్చేరి పాలనలోని యానాం ఆంధ్ర భూభాగం నడుమ ఒక తడి ద్వీపంగా మారింది. అక్కడి నుంచి కూరగాయల బుట్టల కింద, పడవల అడుగున తరలివస్తున్న సీసాలను పట్టుకోవడం ఆయన విధి అయింది. పట్టుబడిన బీరు సీసాలను వరుసగా పేర్చి వాటిపై రోడ్డు రోలరును నడిపించిన రోజున, నురుగు కట్టిన మట్టి వాసన ఆయన బట్టలకు అంటుకుంది. తనకు ప్రీతికరమైన లాగర్ సీసాలను తన సంతకంతోనే నేలపాలు చేస్తున్నప్పుడు ఆయన చేయి వణకలేదు. అమ్మ అడిగిన ప్రశ్నకు అదొక సమాధానమని ఆయన భావించారు. 1997లో నిషేధం తొలగింది. సారాయిపై మాత్రం కొనసాగింది. ఖజానా ఖాళీ అయినందున మద్యం తిరిగి వచ్చిందే తప్ప, తల్లుల కన్నీళ్లు ఆరినందున కాదని ఆయనకు తెలుసు.

సర్వీసు చివరి సంవత్సరాలలో సంగారెడ్డి ప్రాంతపు కర్మాగారాల తనిఖీ ఆయనకు బీరు లోగుట్టు నేర్పింది. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టిన మాల్టు, హాప్స్ పూలు, ఈస్టు, నీరు ఇందులో ప్రధానమైనవి. ఖర్చు తగ్గడానికి, ఒళ్లు పలచబడడానికి బియ్యపు అటుకులో మొక్కజొన్నో చేరుతాయి. 'స్ట్రాంగ్' రకాలలో చక్కెర పాలు పెంచి ఆల్కహాలును ఎనిమిది శాతం వరకూ తీసుకుపోతారు. అందుకే వాటిలో మాల్టు రుచి కన్నా తీపితో కూడిన ఘాటు ముందుకు వస్తుంది. బీరులో గ్లిజరిన్ కలుపుతారని, సీసాను నీటిలో తలకిందులుగా ముంచితే అది దిగిపోతుందని చెప్పే ప్రవీణులను చూసి ఆయన నవ్వుకుంటారు. అన్ని సంవత్సరాలలో ఏ కర్మాగారంలోనూ ఆయనకు ఆ పీపా కనిపించలేదు. దుకాణంలో ఆయన మొదట చూసేది బ్రాండు పేరును కాదు, తయారైన తేదీని. ఎండ తగిలే చోట పెట్టిన సీసాను ముట్టరు. హాప్స్‌లోని పదార్థాలు వెలుతురుకు చెడి దుర్వాసన పుట్టిస్తాయని ఆయనకు తెలుసు.

మరి ఈ దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం స్ట్రాంగ్ రకమే ఎందుకయింది? భారతీయుని నాలుక మోటుదని కొందరు తేల్చివేస్తారు. ఆయన ఒప్పుకోరు. చాలా రాష్ట్రాలలో పన్ను సీసాను చూసి పడుతుంది గాని, అందులోని ఆల్కహాలును చూసి కాదు. ఐదు శాతం సీసాకూ, ఎనిమిది శాతం సీసాకూ ధరలో తేడా స్వల్పమైనప్పుడు, కష్టపడి సంపాదించిన రూపాయికి ఎక్కువ మత్తు ఇచ్చేదానినే మనిషి ఎంచుకుంటాడు. అది రుచి కాదు, లెక్క. ఆ లెక్కను ప్రభుత్వమే వేసి, ఫలితాన్ని ప్రజల అభిరుచి అని పిలుస్తోంది.

కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 2010 తరువాత ఆ నగరంలో వెలసిన మైక్రో బ్రూవరీలలో ఒకదానికి తండ్రిని తీసుకువెళ్లాడు. చిన్న గ్లాసులలో ఆరు రకాలు వచ్చాయి. గోధుమ బీరులోని అరటిపండు వాసన ఆయనకు నచ్చింది. ఇండియా పేల్ ఏల్ చేదు మాత్రం మింగుడుపడలేదు. సముద్ర ప్రయాణానికి తట్టుకునేందుకే దీనిని కనిపెట్టారని వడ్డించే యువకుడు వివరించాడు. ఆ కథ సంపూర్ణ సత్యం కాదని ఆయన మృదువుగా చెప్పారు. పేల్ ఏల్ ముందే ఉంది, నల్లని పోర్టరు కూడా అదే ఓడలలో వచ్చేది. కంపెనీ సైనికులు తాగినది ఎక్కువగా ఆ పోర్టరే. మన దేశపు పేరు పెట్టుకున్న బీరు మన దేశానికి చేరడానికి రెండు శతాబ్దాలు పట్టిందని తండ్రీకొడుకులు నవ్వుకున్నారు.

హైదరాబాదుకు తిరిగి వచ్చేటప్పుడు కొడుకు నాలుగు సీసాలు సంచిలో పెట్టబోయాడు. ఆయన వారించారు. సీసాపై ఉన్న చీటీలో ఆ రాష్ట్రంలో విక్రయానికి మాత్రమే అని రాసి ఉంటుంది. 2017 జూలై 1న ఒకే దేశం, ఒకే పన్ను వచ్చింది. మానవులు సేవించే మద్యం మాత్రం దాని వెలుపలే ఉండిపోయింది. రాజ్యాంగపు 47వ అధికరణం మద్యనిషేధానికి కృషి చేయమని రాష్ట్రాలను ఆదేశిస్తుంది. అదే రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు మద్యంపై పన్ను వసూలు చేసుకొనే అధికారాన్ని ఆ రాష్ట్రాలకే ఇస్తుంది. ఒక చేత్తో మందలించి, మరొక చేత్తో వసూలు చేసే ఈ విధానం కింద ఆయన ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నారు.

విరమణ తరువాత కూడా రాజకీయం ఆయన గ్లాసును విడిచిపెట్టలేదు. 2019 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు ప్రభుత్వపరమైనప్పుడు, సొంత ఊరు వెళ్లిన ప్రతిసారీ అరలలో తాను ఎరిగిన పేర్లు కనిపించేవి కావు. 2024 ఎన్నికల ప్రచారంలో నాణ్యమైన మద్యాన్ని తక్కువ ధరకు ఇస్తామన్న వాగ్దానం సభలలో చప్పట్లు అందుకుంది. సారా వద్దన్న తల్లుల ఓట్ల కోసం పోటీపడిన రాజకీయం, ముప్పై ఏళ్లలో మంచి బ్రాండు కావాలన్న కొడుకుల ఓట్ల వద్దకు చేరింది. 2025 జనవరిలో, ధరల సవరణ లేదని, బకాయిలు పేరుకుపోయాయని యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా నిలిపివేసింది. కొద్ది రోజులకు పునరుద్ధరించింది. ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. పత్రికలు ఆ వార్తను మొదటి పుటలో వేశాయి. సారా ఉద్యమం మొదలైన నెలలలో ఇదే పత్రికలకు ఆ స్త్రీలు ఎన్నో పుటలో కనిపించారో ఆయనకు గుర్తుంది.

తల్లి చివరి రోజులను ఆయన ఇంట్లోనే గడిపింది. ఒక శనివారం సాయంత్రం బల్లమీది సీసాను చూసి దీని వెల ఎంత అని అడిగింది. ఆయన చెప్పారు. ఆమె కాసేపు వేళ్లమీద లెక్కపెట్టి, "మీ నాయన రెండు రోజుల కూలికి పైనే" అన్నది. తిట్టలేదు. మానమని అడగనూ లేదు.

బీరు సురక్షితమని ఆయన ఎవరికీ చెప్పరు. ఆల్కహాలుకు హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చేసిన ప్రకటనను ఆయన చదివారు. వారానికి ఒక లాగర్ అన్న నియమాన్ని మాత్రం మార్చుకోలేదు. శనివారం నాడు సీసా తెచ్చి, తయారీ తేదీ చూసి, చల్లబరచి, నురుగు రెండు వేళ్ల మందం నిలిచేలా గ్లాసును వంచి పోసుకుంటారు. మొదటి గుక్కకు ముందు ఆ రోజు ధరను ఉపాధి హామీ కూలితో పోల్చి చూసుకోవడం ఆయనకు అలవాటైంది. ఇప్పుడది సగం కూలికి పైనే ఉంటోంది. ఆ లెక్క ముగిసిన తరువాతే ఆయన గ్లాసు ఎత్తుతారు.