వలుపు రాశి దగ్గర స్మార్ట్ వాచీ

కాకినాడలో రైలు దిగి, 216వ నంబరు జాతీయ రహదారి మీద యానాం దాటి, గౌతమి మీద బాలయోగి వారధి ఎక్కితే అవతలి ఒడ్డు ఎదుర్లంక. అక్కణ్ణుంచి ఐ.పోలవరం ఎంతో దూరం లేదు. నా సంచిలో ఇంకా బజారుకు రాని స్మార్ట్ వాచీలు, వాటి లెక్క సరిచూడ్డానికి ఛాతీకి కట్టే పట్టీలు ఉన్నాయి.

ఆ వాచీలోని గుండె లయ సెన్సర్‌కు హైదరాబాదులో నేను ప్రోగ్రాం మేనేజర్ని. చిప్ సప్లయర్, ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు, ఫ్యాక్టరీ, వీళ్లందరి తేదీలూ ఒకదానికొకటి అతికేలా చూడడం నా పని. అప్పటికి డీవీటీ (డిజైన్ వ్యాలిడేషన్ టెస్ట్) దశలో ఉన్నాం. డిజైన్ ఖాయమని సంతకం పెట్టేది అక్కడే. ఆ తర్వాత అచ్చులు మార్చాలంటే బోలెడు ఖర్చు. ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్ మీద అన్నీ పాసయ్యాయి. రెక్కల కష్టం మీద బతికేవాళ్ల మణికట్టుకు కట్టి చూడకుండా సంతకం పెట్టడానికి మాత్రం నాకు మనసొప్పలేదు.

వాచీ అడుగున ఆకుపచ్చ ఎల్‌ఈడీ చర్మంలోకి వెలుగు పంపుతుంది. రక్తం దాన్ని పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే లెక్క. చెయ్యి కదిలితే లెక్క చెదురుతుంది కనక, యాక్సిలరోమీటర్ పట్టిన కదలికను అందులోంచి తీసేస్తారు.

ఐ.పోలవరంలో కొబ్బరి రాశి దగ్గర వలుపు కార్మికుడొకాయన వాచీ కట్టించుకుని పనిలో దిగారు. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి ఒక మెలి, ఇంకో మెలి, డొక్క ఊడిపడుతోంది. తాళం తప్పడం లేదు. ఛాతీ పట్టీ 120 దాటింది. వాచీ 80 దగ్గరే ఉండిపోయింది. మెలి తిప్పినప్పుడల్లా ముంజేతి కండ బిగిసి, వాచీకీ చర్మానికీ మధ్య సందు పడుతోంది.

“ఏవండీ బాబుగారూ, ఇది గుండె లెక్కాండీ, చేతుల లెక్కాండీ?”

“చేతులదే, బాబాయ్” అన్నాను.

పక్కన డొక్కలు పోగేస్తున్న పెద్దావిడ మణికట్టు మీద పాత పచ్చబొట్టు. అక్కడ వాచీకి అంకే రాలేదు. ఆ సిరా వెలుగును మింగేస్తుంది, దానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. పచ్చబొట్టు లేని చేతికి మార్చాక వచ్చింది.

ఆ సాయంత్రమే డీవీటీ షరతులు తిరగరాశాను. వలుపు పనిలో కొలత నిలబడాలి. పచ్చబొట్టు మీద తప్పుడు అంకె చూపకుండా, రెండో చేతికి పెట్టుకోమని తెలుగులో చెప్పాలి. నీటి పరీక్ష మంచినీళ్లతో సరిపెట్టకుండా ఇక్కడి రొయ్యల చెరువుల ఉప్పునీటితోనూ చెయ్యాలి. విడుదల తేదీ వెనక్కి జరిగింది, ఫ్యాక్టరీ వాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అయినా ఆ షరతుల్లో ఒక్కటీ వదలలేదు. వచ్చే కొబ్బరి దింపుకు ఫర్మ్‌వేర్ రాసే అమ్మాయిని కూడా తీసుకెళ్తున్నాను.