మానుట – మానియుండుట

సిగరెట్టు మానుట ఒకనాటి పని. మానియుండుట నాటినాటి పని. ఈ రెండింటికిని గల భేదమును ఇంటిల్లిపాదియు గ్రహించినగాని ఆ వ్యసనము గడప దాటిపోదని మా యనుభవము.

చరకసంహితలోనే ధూమపానము చెప్పబడినది గదా యని కొందరు పురుషులు మనతో వాదింతురు. చెప్పబడిన మాట నిజమే. కాని అది ఓషధులతో చేసిన వర్తి యొక్క పొగ. పొగాకు పొగ కాదు. మన ప్రాచీన కావ్యములలో తాంబూలము మెండుగ వర్ణింపబడినది గాని పొగాకు ఊసే లేదు. అమెరికాఖండమున పుట్టిన యీ మొక్కను పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరి. నేడది మన నేలపైననే విరివిగ పండుచున్నది. గుంటూరున 1976లో పొగాకు బోర్డు సయితము వెలసినది. కన్యాశుల్కమున గిరీశము చుట్ట కాల్చుచుండగా మనము నవ్వుకొందుము. ఇంట మనవారు దగ్గుచు కాల్చునపుడు నవ్వు రాదు.

మా వారు ఉపాధ్యాయులు. విద్యాలయమునకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము. మా వారు ఆ నూరు గజములును దాటిపోయి కాల్చి వచ్చెడివారు. ఒకనాడు మా చిన్నవాడు సుద్దముక్కను పెదవుల నడుమ నుంచుకొని, తండ్రివలె తల వెనుకకు వాల్చి పొగ వదలుట నభినయించెను. వారది చూచి మారుమాటాడక పెట్టెను నలిపి పారవైచిరి.

మొదటి మూడు దినములు కడు దుర్భరములు. చిరాకు, నిద్రలేమి, ఊరక ఆకలి. పొగలోని నికోటిను కొలది సెకనులలో మెదడును చేరునట. దానికలవడిన మెదడు అది లేనపుడు అలమటించును. ఈ బాధ రెండు మూడు దినములలో మిక్కుటమై, కొన్ని వారములలో క్రమముగ తగ్గును. కోరిక పుట్టినపుడెల్ల అది నిలుచునది కొద్ది నిమిషములే. ఆ నిమిషములు గడచుటకు తోడుండుటయే ఇల్లాలు చేయదగిన సాయము. ఏలకులు, లవంగములు, గ్రుక్కెడు మంచినీళ్లు, పెరటిలో నాలుగడుగుల నడక — ఇవియే మా మందులు. వీధియరుగుపై కాఫీ త్రాగి సిగరెట్టు ముట్టించుట వారి యలవాటు గావున కాఫీని వంటయింటికి మార్చితిమి.

ఎనిమిది నెలలు నిలిచిరి. అంతట ఒక పెండ్లిలో స్నేహితుడొకడు, “ఒక్కటే గదా!” యని అందిచ్చెను. ఆ యొక్కటి వారము తిరుగకుండ దినమునకు పది యయ్యెను. “ఇక నా వల్ల కాదు” అని వారనగా, “ఎనిమిది నెలలు మీ వల్లనే గదండీ అయినది” అంటిమి. ఈ మారు వైద్యుని సలహాపై నికోటిను బిళ్లలు కొన్నాళ్లు వాడి మరల మానిరి. ఇప్పటికి మూడేండ్లయినది. తోడు కోరువారికి 1800-112-356 అను ప్రభుత్వపు ఉచిత దూరవాణి సంఖ్యయు కలదు.

ఏడాది మానినవారికి గుండెజబ్బు ముప్పు, కాల్చుచునే యుండువారితో పోల్చిన, ఇంచుమించు సగమగునని వైద్యులందురు. అయినను కోరిక నివురుగప్పిన నిప్పు. దానిని రాజవేయుటకు “ఒక్కటే” యను మాట చాలును. స్నేహితుల యెదుట ఆ మాటను త్రోసిపుచ్చుట మగవారికి కష్టము. అందుచే మా యింటికి వచ్చినవారెవరైన సిగరెట్టు తీసినచో మేమే ముందునకు వచ్చి, “మా యింట పొగ లేదండీ, కాఫీ తెత్తును” అని చెప్పుదుము. మొదట సంకోచించితిమి, ఇపుడు లేదు. అతిథికి అన్నము పెట్టుట గృహిణికి ధర్మము. అగ్గిపెట్టె యందించుట ధర్మము కాదు.